మీ సొమ్ము మా దగ్గర భద్రంగా ఉంది

ఉద్యోగంలో నేను రాసిన ఉత్తరాల్లో పనికొచ్చింది ఒక్కటే. అందులో అయిదు వాక్యాలున్నాయి, ఒకటి బర్రె గురించి. మిగతా ఉత్తరాలు మూడు నాలుగు వందల దాకా ఉంటాయి. అన్నీ బాగా రాసినవే. అలా బాగా రాయడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. కంపెనీల తరఫున రోజంతా జనానికి జవాబులు టైపు చేసే ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చదివితే మంచిది. చదవకపోయినా ఫర్వాలేదు, ఆ ఉద్యోగమే ఏదో ఒక రోజు నేర్పుతుంది.

నేను పనిచేసింది భద్రాచలంలో ఒక లాంచీ కంపెనీలో. కంపెనీ అంటే రెండు లాంచీలు, బస్టాండుకు దగ్గర్లో కిరాయికి తీసుకున్న ఒక గది, ఓనరు, నేను, లాంచీలు నడిపే ఇద్దరు సరంగులు, వంటవాళ్లు. యాత్రికులను జీపుల్లో రేవుకు తీసుకెళ్లి, పాపికొండల దాకా తిప్పి, మధ్యలో భోజనం పెట్టి, పొద్దుగూకే వేళకు వెనక్కి తెచ్చేవాళ్లం. ఓనరు దీన్ని క్రూయిజ్ అనేవాడు. బోర్డు మీద కూడా అదే మాట రాయించాడు. ఆయన తాతల కాలంలో కోస్తా నుంచి వైరా వైపు వచ్చి భూములు కొన్న కుటుంబం. పొలం మీద వచ్చిన డబ్బుతో నీళ్ల మీద వ్యాపారం పెట్టాడు.

నా పని బుకింగులు, లెక్కలు, ఉత్తరాలు. లాంచీ వెళ్లాక మళ్లీ వచ్చేదాకా ఆఫీసులో పెద్ద పని ఉండేది కాదు. పద్దెనిమిదేళ్లు ఆ ఖాళీలో నవలలు, కవిత్వం, దొరికినదల్లా చదివాను. అది కూడా తర్వాత జరిగిన దానికి ఒక కారణమే.

క్రూయిజ్ వ్యాపారం లెక్క ఒక్క ముక్కలో చెబుతాను. వచ్చే నెల ప్రయాణం చేయబోయేవాళ్లు ఇచ్చిన అడ్వాన్సుతో, పోయిన నెల ప్రయాణం చేసినవాళ్ల డీజిల్ బిల్లు కడతాం. కార్తీకంలో వనభోజనాలకు వచ్చే అడ్వాన్సులు రెండో లాంచీ బ్యాంకు కిస్తీకి పోతాయి. లాంచీలు తిరుగుతున్నంత కాలం ఇందులో తప్పేమీ కనిపించదు. ఆ పుస్తకాలు రాసింది నేనే. లాంచీలు ఆగితే ఏమవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. గోదావరి ఆగుతుందా అనుకునేవాళ్లం. గోదావరి ఆగలేదు. మేం ఆగాం.

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టారు. కొన్నాళ్లకు బస్సులు తిరిగాయి, హోటళ్లు తెరిచారు, పెళ్లిళ్లు కూడా మొదలయ్యాయి. లాంచీలు మాత్రం తిరగలేదు. మా ఆఫీసు తెలంగాణలో, రేవు ఆంధ్రలో. ఇక్కడ సడలిస్తే అక్కడ ఆపేవారు. అక్కడ సడలించే నాటికి వరద వచ్చేది. వరద తీసేసరికి పర్మిషన్ కాగితం గడువు దాటిపోయేది. రెండు లాంచీలూ గట్టున తాళ్లతో కట్టేసి ఉండేవి. పెద్ద సరంగు రోజూ వెళ్లి లోపలికి చేరిన వాననీళ్లు తోడి వచ్చేవాడు. ఆయనకు జీతం ఇవ్వడం ఎప్పుడో మానేశాం. అయినా వెళ్లేవాడు.

బుక్ చేసుకున్నవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. మా రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉండేది. "చెల్లించిన సొమ్ము ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు." అది నేను రాసిందే. రాసిన రోజున అందులోని గాంభీర్యం నాకు నచ్చింది. అయితే ఆ నియమం అందరికీ ఒకేలా పనిచేయలేదు. ఆఫీసర్లకు, లాయర్లకు, కారులో వచ్చి టేబుల్ మీద కొట్టినవాళ్లకు ఓనరు ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చేవాడు. ఫోన్లో గొంతు ఎంత పెద్దదైతే అంత తొందరగా డబ్బు వచ్చేది. మర్యాదగా అడిగినవాళ్లకు నా ఉత్తరం వెళ్లేది.

ఆ ఉత్తరం ఇలా ఉండేది. "గోదావరి తల్లి తన బిడ్డల కోసం నిరీక్షిస్తోంది. ఈ కష్టకాలంలో మీ నిరాశను మా నిరాశగా భావిస్తున్నాం. మీ సొమ్ము మా దగ్గర భద్రంగా ఉంది. తీరం మళ్లీ పిలిచిన రోజున తొలి ఆహ్వానం మీకే." చివర నా సంతకం, కంపెనీ ముద్ర.

ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. అప్పుడు జవాబులు వచ్చేవి. కల్లూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు, మీ లేఖ చదివి కళ్లు చెమర్చాయి, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం అని రాశారు. ఓనరు ఆ జవాబును రెండుసార్లు చదివించుకున్నాడు.

"నువ్వు రాసే ఒక్కో ఉత్తరం మనకో నెల తెచ్చిపెడుతోందయ్యా" అన్నాడు. నా పద్దెనిమిదేళ్ల చదువుకు అంత సూటిగా ఎవరూ విలువ కట్టలేదు.

ఉత్తరం పంపేముందు నా భార్యకు చదివి వినిపించడం అలవాటు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూనో, బట్టలు మడతపెడుతూనో వినేది. ఈ ఉత్తరం కూడా విన్నది. పూర్తయ్యాక, "బాగుంది. డబ్బు ఎప్పుడిస్తారు?" అంది.

ఇది అలాంటి ఉత్తరం కాదని చెప్పాను. "అవునా" అని మడతపెట్టిన బట్టలు బీరువాలో పెట్టింది.

ఆ ఏడాదే ఆమె పోయింది. గుండె. కొత్తగూడెం దవాఖానా దాకా కూడా వెళ్లలేదు. దాని గురించి ఇంతకన్నా ఏమీ రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. మూడో రోజున కంపెనీ తరఫున నాకు సంతాప సందేశం వచ్చింది. "ఈ కష్టకాలంలో మీ దుఃఖాన్ని మా దుఃఖంగా భావిస్తున్నాం" అని ఉంది. వాక్యం నాదే. నిరాశ అన్నచోట దుఃఖం అని మార్చారు. తీరం మళ్లీ పిలిచిన రోజు గురించిన ముక్క తీసేసినందుకు ఓనరుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఆ సందేశం అందుకున్నాక నేను మారిపోయి ఉంటానని మీరు అనుకోవచ్చు. మారలేదు. పన్నెండో రోజు దాటాక ఆఫీసుకు వెళ్లి, అదే ఉత్తరం ఇంకో ఇరవై మందికి పంపాను. అది రాయడానికి ఆలోచన అక్కర్లేదు కాబట్టి, ఆ రోజుల్లో నాకు అంతకన్నా సుఖమైన పని లేదు.

ఆ ఇరవైలో ఒకటి పెనుబల్లి దగ్గర ఒక తండాకు వెళ్లింది. అక్కడి ఆడవాళ్ల సంఘం లీడరు ఫోన్ చేసి రెండు మూడుసార్లు నెమ్మదిగా అడిగింది. ఇరవై రెండు మంది మిరపకాయ ఏరిన కూలీలో కొంత దాచి, కోతలు అయిపోయాక పాపికొండలు చూసి రావాలని మనిషికి రెండు వేల చొప్పున కట్టారు. ఆ డబ్బు తెచ్చింది ఆమె. మా రసీదులో ఒక్క పేరుకే చోటుంటుంది కాబట్టి ఆమె పేరే రాశాను.

ఉత్తరం వెళ్లిన పదిహేను రోజులకు, ఒక శుక్రవారం పొద్దున, ముగ్గురు ఆడవాళ్లు ఆఫీసు గుమ్మంలోకి వచ్చారు. ముందున్నామె చేతిలో నా ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఆమె వెనక ఒక ముసలామె. ఇంకొకామె వాళ్లిద్దరికీ కొంచెం ఎడంగా, ఒకే బస్సులో వచ్చినా కలిసి రానట్టు నిలబడింది. పెద్ద సరంగు అప్పుడే నీళ్లు తోడి వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"నమస్తే సార్. తండా నుంచి వచ్చినం. ఇరవై రెండు సీట్లు" అంది ముందున్నామె.

"కూర్చోండమ్మా. ఉత్తరం అందిందా?"

"అందింది సార్. శానా మంచిగ రాసిండ్రు. దానితోనే నా పానం మీదికొచ్చింది."

ఆమె కవర్లోంచి ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. మూడో వాక్యం దగ్గర వేలు పెట్టింది. ఆమెకు చదవడం రాదు. వాక్యం ఎక్కడుందో మాత్రం తెలుసు.

"పైసలు మీ దగ్గర భద్రంగా ఉన్నయని రాసిండ్రు గద. చూపియ్యుండ్రి."

"ఏమిటి చూపించేది?"

"మా పైసలు. ఇయ్యమంటలేం. చూసి పోతం."

నాకు అర్థం కాలేదు. ముసలామె వివరించింది. వాళ్ల సంఘానికి ఒక ఇనప డబ్బా ఉంది. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. నెలకొక ఆదివారం అందరూ కూర్చున్నాక ముగ్గురూ వచ్చి తెరుస్తారు. డబ్బు తువ్వాల మీద పరుస్తారు. డిగ్రీ చదివిన ఒక అమ్మాయి లెక్క పుస్తకం చదువుతుంది గానీ దాన్ని ఎవరూ పెద్దగా వినరు. అందరూ ఒక్కొక్కరుగా వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, డబ్బు చూసి పోతారు. తర్వాత మళ్లీ మూడు తాళాలు. వాళ్ల దృష్టిలో డబ్బు భద్రంగా ఉండటమంటే అది. ఎవరడిగినా తెరిచి చూపించగలగడం.

"మాకు సదువు రాదు సార్. సూసుడు వస్తది" అంది ఎడంగా నిలబడినామె. "మీ ఉత్తరం సంఘంల సదివిండ్రు. భద్రంగా ఉన్నయంట. ఉంటే ఎందుకియ్యరు? ఇచ్చిండ్రు గావచ్చు. రసీదు ఈమె పేరు మీద, ఉత్తరం ఈమె పేరు మీద. పైసలు ఎవరింట్ల భద్రంగున్నయో మాకేం ఎరుక?"

"నా ఇంట్ల లెవ్వని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అంది లీడరు.

"బర్రె ఉన్నది గద నీ ఇంట్ల. పైసలు కట్టిన నెలల్నే కొన్నది సార్, అడుగుండ్రి."

"మా పెద్దోడు ఉద్యోగంల చేరి పంపిన పైసలతోని కొన్న."

"బర్రెకు పేరేం పెట్టిండ్రో గది గూడ చెప్పు."

ముసలామె నవ్వు ఆపుకోలేక చెప్పింది. "లాంచీ సార్. తండా అంత గట్లనే పిలుస్తది. లాంచీ ఈనిందా, లాంచీ ఎన్ని పాలిస్తుంది అంటరు. పాలకేంద్రంల గూడ గదే పేరు."

బెంచీ మీద సరంగు గట్టిగా నవ్వాడు. లీడరు అతని వైపు చూసింది.

"అవ్, నవ్వుండ్రి. మీకేం." మెడలో నల్లతాడుకు కట్టిన తాళంచెవి పైటలోంచి తీసి నాకు చూపించింది. "పన్నెండేండ్ల సంది ఇది నా మెడల ఉన్నది సార్. ఎల్లుండి ఆదివారం డబ్బా తెరుస్తరు. పైసలు సూసినమని వీళ్లిద్దరు చెప్పకుంటే దీన్ని అడుగుతరు. ఇస్తే దొంగనే అయిత. మీ పెట్టె తెరువుండ్రి సార్. మేం ముట్టుకోం."

నేను పక్కకు వెళ్లి ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన హైదరాబాదులో ఉన్నాడు.

"చూపించమంటున్నారా? మన ఇనప్పెట్టె ఏమన్నా మ్యూజియమా?" అన్నాడు.

"ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పాలండీ. ఆమె పేరు పోయేలా ఉంది."

"నీకు నేను చెప్పాలా? ఇంకో ఉత్తరం రాసివ్వు. నువ్వు రాస్తే ఎవరైనా కరుగుతారు" అని పెట్టేశాడు.

నేను తిరిగి వచ్చేసరికి సరంగు ఇనప్పెట్టె ముందున్న కుర్చీ పక్కకు జరిపి ఉంచాడు. "తెరువుండ్రి సార్. ఇన్నేండ్లు చేసిన, నేను గూడ సూడలే" అన్నాడు.

తెరిచాను. పై అరలో లాంచీల పాత లైసెన్సులు, వాడిన రసీదు పుస్తకాలు. కింది అరలో ఓనరు తాతగారి ఫోటో, లైఫ్ జాకెట్ నుంచి ఊడిన ఒక విజిల్, కంపెనీ మొదలుపెట్టిన రోజు పూజలో పెట్టిన నూటపదహారు రూపాయల కవరు. ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి చూశారు. సరంగు కూడా వరసలో నిలబడి చూశాడు.

లీడరు పసుపు అంటిన ఆ కవరు వైపు కాసేపు చూసింది. "అవి మావి కావు" అంది.

"కావమ్మా."

"మావి ఏవి?"

నా దగ్గర మాటలకు కొదవ లేదు. ఆ క్షణంలో కూడా రెండు మూడు వాక్యాలు వాటంతటవే తయారై వచ్చాయి. వాటి వెనకే బట్టలు మడతపెడుతూ నా భార్య అడిగిన ప్రశ్న కూడా వచ్చింది.

"ఖర్చయిపోయాయి. మీరు కట్టిన నెలలోనే డీజిల్ బాకీకి ఇచ్చేశాం" అన్నాను.

వాళ్లు తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఆ భాష రాదు. ఎడంగా ఉన్నామె గొంతు మొదట పెద్దగా ఉంది, తర్వాత తగ్గింది. చివరికి ఆమే నా వైపు తిరిగింది.

"గట్లయితే భద్రంగా ఉన్నయని ఎందుకు రాసిండ్రు సార్?"

"రాస్తే బాగుంటుందని రాశాను."

ఆమె నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"గిదే కాయితం మీద రాసియ్యుండ్రి" అంది లీడరు. "వీళ్లిద్దరు సూసిండ్రు. ఇంక పంతొమ్మిది మంది ఉన్నరు."

ఉత్తరం రాసివ్వమని ఓనరు చెప్పనే చెప్పాడు. లెటర్‌హెడ్ తీసి రాశాను. "మీ సంఘం కట్టిన నలభై నాలుగు వేల రూపాయలు మా కంపెనీకి అందాయి. ఆ డబ్బు ఇప్పుడు మా దగ్గర లేదు. మేమే ఖర్చు చేశాం. మీ లీడరు అందులో ఒక్క రూపాయి తీసుకోలేదు." పైకి చదివాను.

"బర్రె సంగతి గూడ రాయుండ్రి" అంది ఎడంగా ఉన్నామె. ఇప్పుడు ఎడంగా లేదు, లీడరు భుజం పక్కనే ఉంది. "లేకుంటే ఒప్పుకోరు."

"ఆమె కొన్న బర్రెకూ ఈ డబ్బుకూ సంబంధం లేదు" అని అయిదో వాక్యం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. లీడరు దాన్ని కవర్లో పెట్టుకుంది. పాత ఉత్తరం టేబుల్ మీదే వదిలేసింది. ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. బస్సు ఎన్ని గంటలకో అడిగి వెళ్లిపోయింది.

"మీ ఉత్తరాలు శానా ఇన్న సార్. ఇదొక్కటే సమజైంది" అన్నాడు సరంగు.

సాయంత్రం ఇంటికి వెళ్లాక అలవాటు కొద్దీ ఆ అయిదు వాక్యాలూ గుర్తు చేసుకుని పైకి చదివాను. డబ్బు ఎప్పుడిస్తారనే ప్రశ్నకు అందులోనూ జవాబు లేదని అప్పుడు గమనించాను.

ఆదివారం తండాలో డబ్బా తెరిచారు. తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. ఈ సంగతి సోమవారం ఫోన్ చేసి చెప్పింది బర్రె గురించి అడిగినామె. డిగ్రీ చదివిన అమ్మాయి ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి ఎవరికో పంపిందని కూడా చెప్పింది. మంగళవారానికి అది సత్తుపల్లి, ఖమ్మం దాటి హైదరాబాదు చేరింది. బుధవారం ఓనరు కారులో వచ్చాడు.

"కంపెనీ లెటర్‌హెడ్ మీద, డబ్బు మా దగ్గర లేదు అని రాస్తావా?"

"ఉత్తరం రాసివ్వమని మీరే అన్నారండీ."

"ఉత్తరం రాయమన్నాను. నిజం రాయమన్నానా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. అన్నేళ్లుగా ఆయనకు ఆ అనుమానం రాకుండా పనిచేశాను.

ఆ వారం ఆఫీసు ముందు జనం. కళ్లు చెమర్చిన కల్లూరు టీచరు కూడా వచ్చారు, పొడి కళ్లతో. ఓనరు రెండు రోజులు తిట్టాడు, ఒక రోజు మౌనంగా ఉన్నాడు, నాలుగో రోజు రెండో లాంచీని కింది జిల్లాల్లో ఒకరికి బేరం పెట్టాడు. దాన్ని లారీ మీద ఎక్కిస్తుంటే పెద్ద సరంగు చూడటానికి రాలేదు. గట్టున ఉన్న మొదటి లాంచీలో నీళ్లు తోడుతూ ఉండిపోయాడు.

లాంచీ డబ్బు వచ్చాక ఎవరికి ముందు ఇవ్వాలని ఓనరు అడిగాడు. బుక్ చేసిన తేదీల వరస రాసి ముందే సిద్ధంగా పెట్టుకున్నాను. గొంతుల వరస వద్దన్నాను. ఆయన అలిసిపోయి ఉన్నాడు, సరే అన్నాడు. ఏడెనిమిది నెలలు పట్టింది. ఆఖరి మనిషికి ఇచ్చాక నన్ను తీసేయలేదు. శాలువా కప్పి, లాంచీ బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చి, సన్మానపత్రం చదివి పంపించారు. సన్మానపత్రం చాలా బాగా రాశారు. అందులో నా గురించి ఒక్క నిజం కూడా లేదు.

తండా వాళ్ల వంతు మధ్యలో ఎక్కడో వచ్చింది. మళ్లీ ఆ ముగ్గురే వచ్చారు. సరంగు తన తువ్వాల దులిపి టేబుల్ మీద పరిచాడు. దాని మీద నోట్లు పెట్టాను. ముగ్గురూ చేతులు వెనక్కి పెట్టుకుని చూశారు. తర్వాత లీడరు సంచిలో వేసుకుంది. లాంచీలు తిరిగాక వస్తారా అని అడిగితే, ముందు పడవ ఎక్కి దిగుతాం, తర్వాత పైసలు కడతాం అంది ముసలామె.

నాకు ఒక పని మిగిలి ఉంది. ఓనరు ఆ ఉత్తరం అసలు ప్రతి వెనక్కి తెప్పించమన్నాడు.

"అమ్మా, డబ్బు ముట్టింది కదా. ఆ కాగితం వాపసు ఇస్తే ఫైల్లో పెట్టుకుంటాం" అన్నాను.

"అది డబ్బాల ఉన్నది సార్. మూత లోపట అంటిచ్చినం."

"ఊడదీసి పంపించండి. ఇక మీకు దానితో పనేముంది?"

లీడరు ప్లాస్టిక్ కవరు తెరిచింది. అందులో మా పాత రసీదు ఉంది. దాని అడుగున చిన్న అక్షరాలున్న చోట వేలు పెట్టి, డిగ్రీ అమ్మాయి ఎన్నిసార్లు చదివి వినిపించిందో గానీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు. గిది గూడ మీరే రాసిండ్రంట గద సార్."